సఫర్‌లో చార్జింగ్: హయాత్‌నగర్ సరాయి నుంచి రామాపురం క్రాస్‌రోడ్డు దాకా

నా చిన్నప్పుడు సూర్యాపేట నుంచి ఎక్కడికి బయల్దేరినా దాదీమా గడప దగ్గర ఒకటే మాట అడిగేది: "తోషా పెట్టుకున్నవా బేటా?" తోషా అంటే సఫర్‌లో తినేది. గుడ్డలో చుట్టిన రెండు రొట్టెలు, ఇంత ఖీమా, ఖీమా లేని రోజుల్లో ఆమ్‌కా అచార్. ఇప్పుడు అదే గడప దగ్గర మా బీవీ అడుగుతుంది: "చార్జర్ పెట్టుకున్నరా జీ?" రొట్టెల గురించి ఎవ్వరూ అడగరు. రొట్టె దారిలో ఎక్కడన్నా దొరుకుతుంది. కరెంటే దొరకదు.

సహాఫత్‌లో ఇరవై ఏళ్లుగా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నడుమ తిరుగుతూనే ఉన్నాను. ఈ తోషా ఎప్పుడు మారింది, ఎట్లా మారింది అని ఆలోచిస్తే, అది మా రోడ్డు తారీఖే అనిపించింది.

మా రోడ్డు చాలా పాతది. కుతుబ్‌షాహీల జమానాలో తఖ్త్ గోల్కొండలో ఉండేది, ఓడలు మచిలీపట్నంలో ఆగేవి. ఆ రెంటినీ కలిపిన దారి మా నల్లగొండ నేల మీదుగా పోయేది. వజ్రాల బేరగాడు తవెర్నియే లాంటి ఫిరంగీలు ఈ ఇలాఖా గురించి రాసిపెట్టిపోయారు. ఇప్పుడది పుణె నుంచి మచిలీపట్నం దాకా పోయే 65వ నంబరు జాతీయ రహదారి. మా తరానికి మాత్రం ఇంకా పాత నంబరే, నైన్ హైవే. హైదరాబాద్ దాటగానే హయాత్‌నగర్‌లో అబ్దుల్లా కుతుబ్‌షా కాలపు మస్జిద్ ఉంది. ఆయన అమ్మీజాన్ హయాత్ బక్షీ బేగం పేరు మీదనే ఆ బస్తీ, ఆ మస్జిద్. మస్జిద్ చుట్టూ ముసాఫిర్ల కోసం కట్టిన సరాయి గదులు, పక్కనే పెద్ద హాథీ బావ్లీ. మీరు రోజూ ఆ దారినే బస్సులో పోతూ ఫోన్ చూసుకుంటుంటారు. ఒక్కసారి దిగి చూడండి.

సరాయిలో ముసాఫిర్‌కు దొరికేవి నాలుగు. నీళ్లు, నీడ, జానువరుకు ఇంత మేత, మగ్రిబ్ తర్వాత ఒక చిరాగ్. ఇది ఖైరాత్ కాదు. దారిలో ఉన్నవాడి హఖ్ అనుకునేవాళ్లు. నాకు ఆ నాలుగోదాని మీదనే ధ్యాస. ఊరు కాని ఊళ్లో వెలుతురు ఎవరిస్తారు?

1932లో నిజాం స్టేట్ రైల్వే వాళ్లు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. బస్సు వచ్చినంక సరాయికి పని తగ్గింది. రాత్రి ఆగేది లేదు, పొద్దుగూకే లోపల ఇల్లు చేరొచ్చు. చిరాగ్ బాధ్యత సరాయి నుంచి ముసాఫిర్ చేతికి వచ్చింది. మా అబ్బా చేతికి అది మూడు సెల్లుల టార్చిగా వచ్చింది. జాన్‌పహాడ్ దర్గాకు ఉర్సుకు పోతే బస్సు దిగి చీకట్లో నడవాలి. ఆ టార్చి ఆయన చంకలో ఉండేది, మా అందరి చూపూ దాని మీదే ఉండేది. సెల్లు తగ్గితే ఎండలో పెట్టేవాళ్లం. వేడికి లోపలి మందు కొంచెం కదిలి ఇంకో రెండు రాత్రులు వెలిగేది. మా పిల్లల లెక్కలో అది కరామత్. నిప్పో సెల్లు మనదే. 1972లో పెట్టిన కంపెనీ, నెల్లూరు ఫ్యాక్టరీ, సాంకేతిక సాయం జపాన్ మత్సుషితాది. ఈ జపాన్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

2003లో నోకియా 1100 వచ్చింది. తలమీద చిన్న టార్చి. దునియా మొత్తంలో 25 కోట్లకు పైగా అమ్ముడుపోయిన ఫోన్ అది. మా దిక్కు రైతులు దాన్ని ఫోన్‌గా కాదు, టార్చిగా కొన్నారంటే అతిశయోక్తి కాదు. వ్యవసాయానికి కరెంటు రాత్రిపూట ఇచ్చే రోజులవి. అర్ధరాత్రి లేచి మోటరు పెట్టబోయే మనిషికి పాము కనబడాలి కదా. ఒకసారి చార్జ్ చేస్తే నాలుగైదు రోజులు వచ్చేది. సఫర్‌లో చార్జర్ ఎవడు మోస్తాడు? మోసినా గొడవ ఒకటే: సన్నపిన్నా, లావుపిన్నా? సూర్యాపేట బస్టాండు చాయ్ హోటళ్లలో గల్లా పక్కన రెండు పిన్నులూ వేలాడుతుండేవి. చాయ్ తాగితే చార్జింగ్ ముఫ్త్.

2007 ఆగస్టులో నోకియా ఒక ఖబర్ చెప్పింది. బీఎల్-5సీ బ్యాటరీల్లో 4 కోట్ల 60 లక్షలు చార్జింగ్‌లో వేడెక్కే ప్రమాదం ఉందని, కావాలంటే మార్చిస్తామని. ఆ బ్యాటరీలు చేసింది అదే మత్సుషితా. మా గల్లీల్లో ఖయామత్ వచ్చినంత హడావిడి. "ఫోన్లు పేలుతున్నయట" అని మెసేజ్ మీద మెసేజ్. అప్పుడే పత్రికలో కుదురుకుంటున్న నేను బ్యాటరీ వెనకాల నంబరు ఎట్లా చూసుకోవాలో నాలుగు లైన్లు రాసిచ్చాను. నా పేరు లేకుండా వచ్చిన వార్తే గాని, దాన్ని కత్తిరించి దుకాణం అద్దానికి అంటించుకున్నవాళ్లను చూశాను. జేబులో ఉన్నది చిరాగ్ మాత్రమే కాదు, నిప్పు కూడా అని మా ఊరికి తెలిసింది అప్పుడే.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చినంక అసలు మార్పు. పెద్ద తెర, ఎప్పుడూ పారే డేటా. నాలుగు రోజుల చార్జింగ్ ఒక పూటకు దిగిపోయింది. టికెట్, పైసా, పత్తా, డాక్టర్ చీటీ, ఇంటి ఖైరియత్ అన్నీ దాంట్లోకే పోయాయి. ఫోన్ ఆరిపోతే మనిషి ఆరిపోయినట్టే.

ఒక హిసాబ్ చెప్పనా? ఇప్పటి 5000 ఎంఏహెచ్ ఫోన్‌ను అడుగు నుంచి నింపడానికి వృథా కలుపుకున్నా 25 వాట్-గంటలు చాలు. అంటే ఒక యూనిట్ కరెంటుతో నలభై సార్లు. మనం ఒక హోటల్‌వాడి దగ్గర తీసుకునే ఎహసాన్ విలువ పైసల్లో ఉంటుంది. మరి మా చుట్టూ కరెంటు కరువా? మిర్యాలగూడ పక్కనే నాగార్జునసాగర్, 815.6 మెగావాట్లు. ఇటు పులిచింతల, 120. దామరచర్ల మండలం వీర్లపాలెంలో యాదాద్రి థర్మల్, 4000 మెగావాట్ల ప్లాంటు. 20 వాట్ల చార్జర్లయితే ఆ ఒక్క ప్లాంటు సత్తాతో ఒకేసారి 20 కోట్ల ఫోన్లు పెట్టొచ్చు. తెలంగాణ ఆబాదీ నాలుగు కోట్లు. అయినా ముసాఫిర్ మాత్రం స్విచ్‌బోర్డు కోసం గోడలు వెతుకుతూనే ఉంటాడు.

పవర్‌బ్యాంక్ కొన్నవాళ్లు కూడా మోసపోయామనుకుంటారు. డబ్బా మీద 10,000 అని ఉంటే, ఫోన్ రెండుసార్లు నిండాలి కదా అంటారు. నిండదు. ఆ లెక్క లోపలి సెల్లుది, 3.7 వోల్టులది. ఐదు వోల్టులకు మారేసరికి, వేడిగా పోయింది పోగా ఫోన్‌కు చేరేది ఆరు వేల చిల్లర. ఒకసారి నిండి, ఇంకొంచెం మిగులుతుంది. దాన్ని పొదుపు చేయాలంటే సిగ్నల్ సరిగా లేని దారిలో ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. టవర్‌ను వెతుక్కుంటూ ఫోన్ బ్యాటరీని ఎక్కువగా తినేస్తుంది. ఉమ్రాకు పోయే పెద్దలకు ఒక మాట: పవర్‌బ్యాంక్ చేతి సంచీలోనే ఉండాలి, లగేజీలో వేస్తే ఎయిర్‌పోర్టులో పెట్టె విప్పిస్తారు.

సూర్యాపేటకు, కోదాడకు రైలు లేదు. ఆ నసీబ్ మిర్యాలగూడది. రైల్లో చార్జింగ్ పాయింటు ఉంటుంది కదా అనుకుంటాం. దానికీ ఒక దుఃఖం ఉంది. 2013 డిసెంబర్ 28న తెల్లవారకముందే బెంగళూరు–నాందేడ్ ఎక్స్‌ప్రెస్ ఏసీ బోగీ అనంతపురం జిల్లా కొత్తచెరువు దగ్గర కాలిపోయింది. 26 మంది నిద్రలోనే పోయారు. ఆ తర్వాత రాత్రి 11 నుంచి పొద్దున 5 దాకా చార్జింగ్ పాయింట్లు బంద్ పెట్టాలని రైల్వే భద్రతా కమిషనర్ సిఫారసు చేశారు. 2021 మార్చిలో కొన్ని జోన్లు దాన్ని మళ్లీ గట్టిగా అమలు చేశాయి. మా మిర్యాలగూడ మీదుగా వచ్చే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ 2023 జూలై 7న పగిడిపల్లి దగ్గర తగలబడింది. ముసాఫిర్లు దూకేసి బతికారు, అల్లాహ్ దయ. అది చార్జింగ్ వల్లనే అని నేననను. కానీ ఆ రోజు నుంచి దిండు కింద ఫోన్ పెట్టి చార్జ్ చేసేవాళ్లను చూస్తే లేపి మరీ చెప్తాను. తిట్టినా సరే.

2023 మే 16న హైదరాబాద్–విజయవాడ మధ్య ఆర్టీసీ ఈ-గరుడ కరెంటు బస్సులు వదిలింది. ప్రతి సీటుకూ చార్జింగ్ పాయింటు. బస్సుదీ బ్యాటరీయే, మనిషిదీ బ్యాటరీయే. మంచిదే. కానీ సీటు దొరికి, బస్సు కదులుతున్నవాడి సంగతి అది. నా ఫికర్ ఆగిపోయినవాడి గురించి. మా రోడ్డు మీద మనుషులు ఆగిపోయే జాగా ఒకటుంది. కోదాడ దాటినంక రామాపురం క్రాస్‌రోడ్డు, అవతల ఆంధ్రా వైపు గరికపాడు చెక్‌పోస్టు. ఐదేళ్ల లోపల మూడుసార్లు ఆ దిక్కున సఫర్ ఆగింది.

మొదటిసారి 2020 మార్చి 25. హైదరాబాద్ హాస్టళ్లు ఖాళీ చేయించారు. పోలీస్ స్టేషన్లు ఇచ్చిన పాసులు పట్టుకుని పోరగాళ్లు, ఆడపిల్లలు బండ్ల మీద, కార్లలో హద్దు దాకా వచ్చారు. అవతల పోలీసులు ఆపారు. వేల మంది. చీకటి పడింది. హోటళ్లు బంద్, దుకాణాలు బంద్, లాక్‌డౌన్. ఇంటికి, ఎమ్మెల్యేకు, తెలిసిన ప్రతి మనిషికీ ఫోన్లు చేసి చేసి బ్యాటరీలు అయిపోయాయి. కారు ఉన్నవాడు ఇంజను ఆన్ చేస్తే చుట్టూ పదిమంది చేరి కేబుల్ అందించుకున్నారు. పెట్రోల్ అయిపోతుందేమోనని అతను బంద్ చేస్తే, ఎవరూ ఏమనలేదు. ఆ నిశ్శబ్దం నాకు ఇంకా యాదికుంది.

రెండోది 2021 మే. ఆంధ్రా నుంచి హైదరాబాద్ పోయే కరోనా మరీజుల అంబులెన్సులను మన పోలీసులే ఆపారు. హైదరాబాద్ హాస్పిటల్‌లో బెడ్ ఖాయమైనట్టు రుజువు, కంట్రోల్ రూం ఇజాజత్ ఉంటేనే పోనిస్తామన్నారు. మే 14న హైకోర్టు ఆ హుకుం మీద స్టే ఇచ్చింది. అంతకు ముందు రోజుల్లో ఒక మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. లోపల ఆక్సిజన్ మీద తండ్రి, బయట కొడుకు. హాస్పిటల్ చిట్టీ వాట్సాప్‌లో వచ్చిందట, ఫోన్ ఆరిపోయింది. "అన్నా, చార్జర్ ఉందా?" అన్నాడు. నా పవర్‌బ్యాంక్ ఇచ్చాను. ఫోన్ లేవడానికి ఏడెనిమిది నిమిషాలు పట్టింది. నల్ల తెర మీద ఖాళీ బ్యాటరీ బొమ్మ మినుకుమినుకుమంటుంటే దాన్నే చూస్తూ నిలబడ్డాడు. చిట్టీ చూపించాడు, పోనిచ్చారు. పవర్‌బ్యాంక్ అట్లాగే పోయింది. వాపస్ అడగాలని అనిపించలేదు. ఆ పెద్దాయన ఏమయ్యాడో నాకు తెలియదు, దువా మాత్రం చేసుకున్నాను.

మూడోది 2024 ఆగస్టు 31 రాత్రి. ఎడతెగని వాన. కోదాడ మునిగింది, కార్లు కొట్టుకుపోయాయి. నల్లబండగూడెం దగ్గర పాలేరు రోడ్డెక్కింది, నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. విజయవాడ రోడ్డు బంద్. మరుసటి రోజు కోదాడలో ఒక గల్లీకి పోయాను. కరెంటు లేదు, టవర్లు ఒకటీ అరా పనిచేస్తున్నాయి. అక్కడొక చిన్న మస్జిద్‌లో ఇన్వర్టర్ మిగిలింది. ఇమామ్ సాబ్ మైకుకు, పంఖాలకు తీగ పీకేసి, రెండు ఎక్స్‌టెన్షన్ బోర్డులు వుజూఖానా గట్టుకు దూరంగా, ఎత్తుగా పెట్టించాడు. బస్సుల్లో ఇరుక్కున్నవాళ్లు వస్తూనే ఉన్నారు. బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లు గుమ్మం దగ్గరే ఆగితే, "లోపలికి రా అమ్మా, ముసాఫిర్‌కు రోక్ లేదు" అన్నాడు. ఒక్కొక్కరికీ అరగంట. ప్రతి ఫోన్ కింద ఉర్దూ పంచాంగం చింపిన కాగితం, దాని మీద తెలుగులో పేరు. రాసింది ఎనిమిదో తరగతి పిల్లవాడు.

జొహర్ తర్వాత ఒక ఫోన్ మిగిలింది. మనిషి రాలేదు. అది మోగుతూనే ఉంది, తెర మీద "ఇల్లు" అని వస్తోంది. ముట్టుకోవాలా వద్దా అని ఇమామ్ సాబ్ కాసేపు చూశాడు. పరాయి అమానత్ కదా. నాలుగోసారి మోగినప్పుడు ఎత్తి, "అమ్మా, ఫోన్ మా దగ్గర భద్రంగా ఉంది. మీ మనిషి తిండికి పోయినట్టున్నడు, వస్తడు" అన్నాడు. అసర్ అజాన్‌కు కొంచెం ముందు ఆ మనిషి మోకాళ్ల దాకా బురదతో వచ్చాడు. కాగితం మీద పేరు చదివి, ఫోన్ తీసుకుని, నూటికి నూరు ఉందని చూసి నవ్వాడు. ఇమామ్ సాబ్ చెప్పాడు: "ముందు ఇంటికి ఫోన్ చెయ్యి."