ఎండ్యూర్ అను మాట



ఇంగ్లీషు వాచకములలో ఎండ్యూర్ అను క్రియ తఱచుగా కనబడుచుండును. బడిలో నేనున్న కాలమంతయు దానికి 'ఓర్చుకొనుట' యని పిల్లలచే అర్థము వ్రాయించుచు వచ్చితిని. ఆ యర్థము సరియైనదే. అయినను నిఘంటువులో రెండు మాటలు ఎదురెదురుగా నిలిచినంతమాత్రమున వాని పుట్టుక ఒక్కటి కాదు. ఈ మాట పుట్టుక చిత్రమైనది.

లాటిను భాషలో 'డూరుస్' అనగా కఠినమైనది. దానినుండి 'ఇన్డూరారే', అనగా గట్టిపఱచుట, అను క్రియ యేర్పడినది. కుమ్మరి పచ్చికుండ ఆవములో కాలి గట్టిపడుట యెట్టిదో ఆ భావమే యిందును గలదు. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట ఫ్రెంచి మాటలు ఆ దేశమున వెల్లువగా వచ్చినవి. ఈ మాటయు ఫ్రెంచివారి నోట కొంత మాఱి, 14వ శతాబ్దము నాటికి ఇంగ్లీషు వ్రాతలలో స్థిరపడినది. డ్యూరింగ్, డ్యూరబుల్ అనునవి దీని దాయాదులే. నిర్బంధమను నర్థము గల డ్యూరెస్ కూడ అట్టిదే.

ఆ శతాబ్దపు చివర వైక్లిఫ్ పేరిట వెలసిన బైబిలు అనువాదములో, ఫరో రాజు హృదయమును దేవుడు కఠినపఱచు ఘట్టమున ఈ క్రియనే వాడిరి. 1611 నాటి అనువాదమున ఆ చోట వేఱొక క్రియ వచ్చి చేరినది. ఇది మాత్రము కీర్తనలలోనికి పోయి, దేవుని కృప ఎల్లప్పుడు నిలుచుననుటకు 136వ కీర్తనలోని 26 చరణములందును వినిపించుచున్నది. రాజు గుండె రాయి యగుటకు చెల్లిన మాట దేవుని దయ చెడకుండుటకును చెల్లినది!

సహించుట యనగా రాయివలె నగుటయేనా? ఈ శంక నన్ను చాలకాలము వదలలేదు. మన శాస్త్రములు వేఱుత్రోవ చూపుచున్నవి. 'సహ' ధాతువునకు ధాతుపాఠమున ఓర్చుట యనియే యర్థము చెప్పిరి. కాని వేదములో అది ఎదిరిని లోబఱచుకొనుట. 'సహస్సు' అనగా బలము. అందుకే అగ్నికి సహస్సు కుమారుడని పేరు. జర్మను భాషలో విజయమునకు చెప్పెడి 'జీగ్' అను మాట ఈ ధాతువునకు తోబుట్టువని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. తెలుగున 'ఓర్చు' అను క్రియకును ప్రాచీన కావ్యములలో జయించుట యను నర్థము కలదు. ఇక 'తితిక్ష' యనునది 'తిజ' ధాతువునుండి వచ్చినది. ఆ ధాతువునకు పదును పెట్టుట యని యర్థము. అది ఓర్పును తెలుపునప్పుడు సన్ ప్రత్యయము చేర్పుమని పాణిని ప్రత్యేకముగా సూత్రించెను. లాటినువారికి ఓర్పు గట్టిదనము, మనకు పదును, గెలుపు.

కోడలితో అత్తగారును, కౌలురైతుతో భూస్వామియు 'ఓర్చుకొమ్ము' అనునప్పుడు వారు చెప్పునది ఈ గెలుపు కాదు; నోరు మూసికొనుమనియే వారి తాత్పర్యము. మాటను అంతకు దిగజార్చినది భాష కాదు, దానిని వాడినవారు.

ఈ మాటను పేరుగా ధరించిన ఓడ యొకటి కలదు. షాకిల్టన్ అను నాయకుడు దక్షిణధ్రువయాత్రకై 1914లో తన ఓడకు 'ఎండ్యూరెన్స్' అని పేరు పెట్టెను. ఆయన వంశపు లాటిను సూక్తిని 'ఓర్పుచే జయింతుము' అను నర్థమున ఇంగ్లీషు చేయుదురు. మూలములోని లాటిను మాట 'డూరుస్' సంతతిది కాదు, ధైర్యబలమును చెప్పునది. అయినను ఓర్పును గెలుపును ఒక్కచోట చేర్చుట చూడుడు!

ఓడను మంచుగడ్డల తాకిడికి ఆగునట్లు మిక్కిలి గట్టి కలపతో కట్టిరి. 1915 జనవరిలో అది వెడెల్ సముద్రపు మంచులో చిక్కుకొనినది. మంచు నెలల తరబడి నొక్కగా కలప విఱిగి, నవంబరు 21న మునిగిపోయినది. గట్టిది ఓడినది. అందలి 28 మందియు మంచుమీదనే గుడారములలో కాలము గడిపి, 1916 ఏప్రిలులో చిన్నపడవలతో ఎలిఫెంట్ దీవికి చేరిరి. అక్కడినుండి ఆఱుగురు ఒక పడవలో, వేయి కిలోమీటర్లకు మించిన ఉప్పెనల సముద్రము దాటి, దక్షిణ జార్జియా దీవిలో సాయమడిగిరి. మిగిలిన 22 మంది బోర్లించిన పడవల క్రింద తలదాచుకొని నాలుగు నెలలకు పైగా ఎదురుచూచిరి. ఆగస్టు 30న చిలీ దేశపు ఓడ వచ్చి వారిని ఎక్కించుకొనినది. ఆ 28 మందిలో ఒక్కడును చావలేదు. ఇదే యాత్రకు చెందిన మఱియొక జట్టు ఖండము ఆవలి తీరమున ముగ్గురిని పోగొట్టుకొనినదనియు చెప్పవలెను.

2022 మార్చిలో పరిశోధకులు ఆ ఓడను 3,008 మీటర్ల లోతున కనుగొనిరి. కలపను తొలిచెడి పురుగులు ఆ చల్లని నీట లేనందున అది చాలవఱకు చెడకుండ నున్నది. వెనుకభాగమున ఓడపేరు నేటికిని చదువవచ్చును.