కారుకు వ్యాక్స్ చేత్తో వేయాలా? మెషిన్‌తోనా?.. ఈ తేడా తెలియకపోతే మెరుపు మాట అటుంచి పెయింటే పోతుంది!

షోరూమ్ నుంచి బయటికొచ్చిన రోజు కారు అద్దంలా మెరుస్తుంది. రెండేళ్లు తిరిగేసరికి అదే కారును ఎండలో నిలబెడితే బానెట్ మీద సాలెగూడు లాంటి సన్నటి గీతలు.. ఎంత కడిగినా పోని నీటి మరకలు. అప్పుడు గుర్తొచ్చేది వ్యాక్స్. సర్వీస్ సెంటర్‌కి వెళ్తే ‘రబ్బింగ్, పాలిషింగ్ చేసేద్దాం సార్.. కొత్త కారులా అయిపోద్ది’ అంటారు. ఆన్‌లైన్‌లో చూస్తే పేస్ట్, లిక్విడ్, స్ప్రే, సిరామిక్ అంటూ లెక్కలేనన్ని డబ్బాలు. ఇంతకీ ఏది కొనాలి? చేత్తో వేస్తే సరిపోతుందా, మెషిన్ కావాలా? తేడా వస్తే పోయేదేంటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

పాలిష్ వేరు.. వ్యాక్స్ వేరు

చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. ఈ రెండు మాటల్నీ ఒకే అర్థంలో వాడేస్తుంటారు. కానీ రెండింటి పనీ పూర్తిగా వేరు. పాలిష్‌లో కంటికి కనిపించనంత సన్నటి గరుకు రేణువులు ఉంటాయి. అవి పెయింట్ పై పొరను కొద్దికొద్దిగా అరగదీసి గీతల్ని చదును చేస్తాయి. అంటే పాలిష్‌ది తీసేసే పని. వ్యాక్స్ అలా కాదు. ఉన్న పొర మీద ఇంకో పల్చటి పొర వేస్తుంది. అంటే దానిది కప్పే పని.

ఇది ఎందుకు అంత ముఖ్యం? కారు బాడీ మీద ఉండేది ఒక్క రంగు పూతే కాదు. రేకుకు తుప్పు పట్టకుండా ఒక పూత, దానిపై ప్రైమర్, ఆపైన రంగు.. అన్నిటికంటే పైన రంగు లేని పారదర్శక పొర. దీన్నే క్లియర్ కోట్ అంటారు. అన్నీ కలిపినా చాలా కార్లలో సుమారు 100 నుంచి 150 మైక్రాన్లే. అందులో క్లియర్ కోట్ వాటా దాదాపు 35 నుంచి 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. అంటే ఎండ, వాన నుంచి రంగును కాపాడుతున్న పొర వెంట్రుక కంటే పల్చన!

మెషిన్‌తో గట్టిగా రబ్బింగ్ చేసిన ప్రతిసారీ ఈ పొర కొంత అరిగిపోతుంది. అరిగింది మళ్లీ పెరగదు. ప్రతి సర్వీసుకూ రబ్బింగ్ చేయించుకుంటూ పోతే కొన్నేళ్లకు బానెట్ మీద, రూఫ్ మీద తెల్లటి మచ్చలు లేస్తాయి. అక్కడ క్లియర్ కోట్ అయిపోయిందని అర్థం. ఆ తర్వాత ఏ వ్యాక్సూ పనిచేయదు.. ఆ ప్యానెల్‌కి మళ్లీ పెయింట్ వేయించడమే దారి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అన్నమాట. అందుకే గీతలు నిజంగా ఎక్కువైనప్పుడే పాలిష్. వ్యాక్స్ మాత్రం ఏడాదికి ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు.

ఒక జాగ్రత్త. డబ్బా మీద ‘క్లీనర్ వ్యాక్స్’ అనో ‘ఆల్ ఇన్ వన్’ అనో ఉంటే అందులో చాలాసార్లు పాలిష్ రేణువులు కూడా కలిసి ఉంటాయి. అది మామూలు వ్యాక్స్‌లా నెలనెలా వాడేది కాదు.

ఫోన్ టార్చ్‌తో చెక్ చేయండి

మీ కారుకు పాలిష్ అవసరమా, వ్యాక్స్ చాలా? తెలుసుకోవడం తేలికే. కారును శుభ్రంగా కడిగి, నీడలో ఉంచి, ఫోన్ టార్చ్ వెలుగును బానెట్ మీద కొట్టండి. వెలుగు చుట్టూ గుండ్రంగా సన్నటి గీతలు కనిపిస్తే వాటిని స్విర్ల్ మార్క్స్ అంటారు. దుమ్ము మీద పొడి గుడ్డతో తుడవడం వల్ల పడేవే ఇందులో ఎక్కువ. రోజూ పొద్దున్నే ఒకే బకెట్, ఒకే గుడ్డతో అపార్ట్‌మెంట్‌లోని కార్లన్నీ తుడిచేస్తే జరిగేది ఇదే.

ఇక లోతైన గీత ఉంటే దానికి అడ్డంగా గోరు పోనిచ్చి చూడండి. గోరు తగులుకుంటే గీత బాగా లోతుగా దిగినట్టే. దాన్ని వ్యాక్స్ తీసేయలేదు. పాలిష్‌తో తీయాలని చూడటం కూడా రిస్కే.

ఏ వ్యాక్స్ ఎవరికి?

కార్నౌబా వ్యాక్స్: బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక తాటి జాతి చెట్టు ఆకుల నుంచి తీస్తారు. సహజంగా దొరికే మైనాల్లో ఇది చాలా గట్టిది. కరగాలంటే 82 నుంచి 86 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. చాక్లెట్లు, మాత్రల పైపూతకూ దీన్ని వాడతారు. నలుపు, ఎరుపు, నీలం లాంటి ముదురు రంగులకు లోతైన మెరుపు ఇస్తుంది. కాకపోతే డబ్బాలో నూనెలు, సాల్వెంట్లు కూడా కలిసే ఉంటాయి కాబట్టి ఎక్కువ కాలం నిలవదు. ఒకటి రెండు నెలలు అనుకోండి. రోజంతా ఎండలో నిలిపే కారుకైతే ఇంకా తక్కువే.

సింథటిక్ సీలెంట్: ఫ్యాక్టరీలో తయారైన పాలిమర్లతో చేస్తారు. మెరుపు కాస్త అద్దం లాంటి మెరుపు. నిలిచేది ఎక్కువ.. సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలలు. ఆఫీసు బయట ఎండలో కారు పెట్టేవాళ్లకు, విశాఖ, కాకినాడ లాంటి చోట్ల సముద్రం దగ్గర్లో ఉప్పుగాలి తగిలే కార్లకు ఇదే మేలు.

స్ప్రే వ్యాక్స్: కడిగాక పిచికారీ చేసి తుడిచేయడమే. పది పదిహేను నిమిషాల్లో పని అయిపోతుంది. కొన్ని వారాలే ఉంటుంది. అసలు వ్యాక్స్‌కు తోడుగా బాగుంటుంది.

సిరామిక్ స్ప్రే: సిలికా కలిపిన స్ప్రే ఇది. నీళ్లు ముత్యాల్లా జారిపోతాయి, మామూలు స్ప్రే కంటే ఎక్కువ నిలుస్తుంది. కానీ డిటెయిలింగ్ స్టూడియోలో వేసే సిరామిక్ కోటింగ్, ఇది ఒకటే అనుకోవద్దు.

మరి టెఫ్లాన్ కోటింగ్? కొత్త కారు కొన్నప్పుడు ఎక్కువగా అంటగట్టేది ఇదే. పేరు వినగానే నాన్‌స్టిక్ పెనం గుర్తొస్తుంది. కానీ ఆ పదార్థం కరగాలంటేనే సుమారు 327 డిగ్రీల వేడి కావాలి. పెనం మీద ఆ పూతను ఫ్యాక్టరీలో బాగా కాల్చి అతికిస్తారు. కారు బాడీని అలా కాల్చే పరిస్థితే లేదు. అందుకే దాన్ని ఒక రకం సీలెంట్‌గానే చూడండి. అంతకు మించి డబ్బు పెట్టేముందు ఆలోచించండి.

సగం పని ముందే ఉంది

దుమ్ము మీద వ్యాక్స్ వేస్తే దుమ్మునే రుద్దినట్టు. ముందు నీళ్లు ధారగా పోసి ఇసుక, మట్టి వదిలేలా చేయండి. రెండు బకెట్లు పెట్టుకోండి.. ఒకదాంట్లో కార్ షాంపూ, ఇంకోదాంట్లో గుడ్డ జాడించడానికి మంచినీళ్లు. పైనుంచి కిందికి కడగాలి. ఎందుకంటే మట్టి ఎక్కువగా ఉండేది కిందే. గిన్నెలు తోమే సబ్బు, బట్టల పొడి వద్దు.. అవి ఉన్న వ్యాక్స్‌ను కూడా ఊడ్చేస్తాయి.

బోరు నీళ్లతో కడిగే ఊళ్లలో ఇంకో చిక్కుంది. నీళ్లు ఆరిపోతే అందులోని లవణాలు తెల్లటి చుక్కలుగా మిగిలిపోతాయి. అందుకే కడిగిన వెంటనే మైక్రోఫైబర్ టవల్‌తో తడి లేకుండా తీసేయాలి.

ఇప్పుడు చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని బానెట్ మీద మెల్లగా నిమరండి. గరగరలాడుతోందా? అయితే కడిగినా పోని మురికి అంటుకుని ఉంది. దానికి క్లే బార్ వాడాలి. పెయింట్‌ను తడిగా ఉంచుతూ, ఒత్తకుండా, ముందుకీ వెనక్కీ జరపాలి. క్లే కింద పడిందంటే మళ్లీ వాడకండి. ఒక్క ఇసుక రేణువు అంటుకున్నా బానెట్ అంతా గీతలే.

చేత్తో వేయడం ఇలా..

1. ఉదయం పూట లేదా సాయంత్రం, నీడలో మొదలుపెట్టండి. బానెట్ మీద అరచెయ్యి పెడితే వేడి తగలకూడదు. వేడి రేకు మీద వ్యాక్స్ వెంటనే ఎండిపోయి తుడిస్తే రాదు.
2. ఫోమ్ అప్లికేటర్ తీసుకోండి. పాత బనియన్, తువ్వాలు గుడ్డలు వద్దు. కుట్లు, పీచు గీతలు పెడతాయి.
3. అప్లికేటర్‌కి కొంచెమే అద్దండి. ఒక్కో ప్యానెల్‌గా.. అంటే ముందు బానెట్, తర్వాత ఒక డోరు. పొర ఉందా లేదా అన్నంత పల్చగా పూయండి. మందంగా వేస్తే ఎక్కువ రక్షణ రాదు.. తుడవడానికి చేతులు పడిపోతాయి, అంతే.
4. డబ్బా మీద చెప్పినంతసేపు ఆరనివ్వండి. చాలావాటికి 5 నుంచి 15 నిమిషాలు. వేలితో ఒక్కసారి గీసి చూడండి. గీసినచోట శుభ్రంగా మెరిస్తే తుడవొచ్చు. మసకగా అలుక్కుపోతే ఇంకాస్త ఆగాలి. గాలిలో తడి ఎక్కువుండే వానాకాలంలో మామూలు కంటే ఆలస్యమవుతుంది.
5. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, ఇంకో పొడి గుడ్డతో ఫైనల్‌గా మెరుగు పెట్టండి. గుడ్డను నాలుగు మడతలు వేసి, నిండినప్పుడల్లా మడత మార్చండి.

మెషిన్‌తో అయితే..

మెషిన్లలో ముఖ్యంగా రెండు రకాలు. గ్రైండర్‌లా ఒకే ఇరుసు మీద గిర్రున తిరిగేది రోటరీ. తిరుగుతూనే అటూఇటూ ఊగేది డ్యూయల్ యాక్షన్. రోటరీ ఒకేచోట వేడి పుట్టిస్తుంది. ప్యానెల్ అంచుల దగ్గర ఒక్క క్షణం ఎక్కువ ఆగినా క్లియర్ కోట్ కాలిపోవచ్చు. అది చెయ్యి తిరిగినవాళ్ల పని. ఇంట్లో వాడాలంటే డ్యూయల్ యాక్షనే. గట్టిగా ఒత్తితే దాని ప్యాడ్ తిరగడం ఆగిపోతుంది. కొత్తవాళ్లకు అదే రక్షణ.

వ్యాక్స్ కోసం అన్నిటికంటే మెత్తటి ఫోమ్ ప్యాడ్ వాడాలి. రబ్బింగ్‌కి వాడిన ప్యాడ్ అస్సలు వద్దు. మెషిన్‌కి లిక్విడ్ వ్యాక్స్ తేలిక.. గట్టి పేస్ట్ అయితే చెయ్యే మంచిది. ప్యాడ్ మీద కొద్దిగా వేసి, మెషిన్ ఆన్ చేయకముందే దాన్ని ప్యానెల్ మీద అద్దండి. లేకపోతే ఆన్ చేయగానే గోడ మీద, మీ చొక్కా మీద చిమ్ముతుంది. స్పీడ్ అన్నిటికంటే తక్కువలో.. ఒకటి లేదా రెండు నంబర్. మెషిన్ బరువే చాలు, పైనుంచి ఒత్తొద్దు. ప్యాడ్ బల్లపరుపుగా ఉండాలి. ఒక వరుసపై సగం వరకు ఇంకో వరుస వచ్చేలా నడపాలి. వైరు భుజం మీదుగా వేసుకోండి.. పెయింట్‌కి రాసుకోదు. నేల తడిగా ఉన్నచోట ప్లగ్ పెట్టొద్దు. నల్లటి ప్లాస్టిక్ బీడింగ్‌లకు ముందే మాస్కింగ్ టేప్ అంటించండి. వ్యాక్స్ అంటితే అక్కడ తెల్లటి మరకలు పడతాయి. చివర్లో తుడవడం మాత్రం చేత్తోనే.

మరి ఏది బెటర్?

వ్యాక్స్ ఒక్కటే వేయాలంటే చెయ్యి చాలు. మెషిన్‌తో వేసినంత మాత్రాన వ్యాక్స్ ఎక్కువ నెలలు నిలవదు. పొర సమానంగా పరుచుకోవడం, పెద్ద ఎస్‌యూవీలకు చెయ్యి నొప్పి తగ్గడం.. ఇవే దాని లాభాలు. డోర్ హ్యాండిళ్ల చుట్టూ, అద్దాల మూలల్లో ఎలాగూ చెయ్యే పెట్టాలి. మెషిన్ నిజంగా పనికొచ్చేది పాలిష్‌కే. కాబట్టి వ్యాక్స్ కోసమే మెషిన్ కొనాల్సిన పనిలేదు.

ఒకవేళ బయట మెషిన్ పాలిష్ చేయిస్తుంటే రెండు ప్రశ్నలు అడగండి. ‘పెయింట్ మందం గేజ్‌తో కొలుస్తారా? నా కారుకు కాంపౌండ్ అవసరమా, ఫినిషింగ్ పాలిష్ చాలా?’ సూటిగా సమాధానం రాకపోతే వ్యాక్స్ వరకు చేయించుకుని వచ్చేయండి. పాలిష్ చేసేటప్పుడు గుడ్డకు మీ కారు రంగు అంటుతోందంటే అక్కడ క్లియర్ కోట్ లేనట్టే. వెంటనే ఆపించండి.

ఇవి మాత్రం మర్చిపోవద్దు

మ్యాట్ ఫినిష్ కారుకు మామూలు వ్యాక్స్ వేయొద్దు. అక్కడక్కడ మెరిసి మచ్చల్లా కనిపిస్తుంది.

కొత్తగా పెయింట్ వేయించిన ప్యానెల్‌కి వెంటనే వ్యాక్స్ వద్దు. పెయింట్ పూర్తిగా గట్టిపడటానికి 30 నుంచి 90 రోజులు ఆగమంటారు. ఎన్నాళ్లో పెయింట్ వేసినవాళ్లనే అడగండి.

ముందు అద్దానికి వ్యాక్స్ తగలనివ్వొద్దు. వానలో వైపర్ తిరిగితే మసక కమ్ముతుంది.

పక్షి రెట్ట పడితే వ్యాక్స్ ఉంది కదా అని వదిలేయొద్దు. ఎండకు పెయింట్ వ్యాకోచించి, చల్లబడ్డాక ఆ రెట్ట చుట్టూ బిగుసుకుని మచ్చ దిగిపోతుంది. తడి గుడ్డతో నానబెట్టి ఎత్తేయండి, రుద్దకండి.

దసరా ఆయుధ పూజకు కారు సిద్ధం చేస్తుంటే ముందు రోజే వ్యాక్స్ వేసుకోండి. పసుపు, కుంకుమ కడిగేటప్పుడు తేలిగ్గా వదులుతాయి. దండకు కట్టిన ఇనుప తీగ బానెట్‌కి తగలకుండా చూసుకోండి.

మళ్లీ ఎప్పుడు వేయాలి?

క్యాలెండర్ చూడక్కర్లేదు. కారు కడిగేటప్పుడు నీళ్లు చూడండి. గుండ్రటి బొట్లుగా నిలిచి జారిపోతుంటే వ్యాక్స్ ఉన్నట్టు. నీళ్లు పరుచుకుపోయి అలాగే నిలిచిపోతే, మురికి పట్టి ఉండొచ్చు. బాగా కడిగి మళ్లీ చూడండి. అప్పుడూ అంతే అయితే వ్యాక్స్ టైమ్ వచ్చినట్టే. ఆదివారం పొద్దున రెండు గంటలు, ఓ డబ్బా, నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు.. ఇంతే ఖర్చు. ఆ పల్చటి క్లియర్ కోట్ మాత్రం కారు ఉన్నన్నాళ్లూ మిగులుతుంది.