నడినెత్తి సూర్యుడు, వేప నీడ

గుంటూరు నుంచి నడికుడి వెళ్లే రైలుమార్గంలో సత్తెనపల్లికి ముందు వచ్చే పెదకూరపాడు 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లాలో చేరింది. వేసవి ఎండలకు రాష్ట్రమంతటా పేరుమోసిన రెంటచింతల కూడా ఈ జిల్లాలోనిదే. అయితే పత్రికల్లో అచ్చయ్యే ఉష్ణోగ్రత నీడలో కొలిచిన గాలి వేడి మాత్రమే. వీధిలో నడిచే మనిషికి సూర్యుడి నుంచే కాక నేల నుంచి, గోడల నుంచి కూడా సెగ తగులుతుంది. ఈ సెగనంతటినీ కలిపి లెక్కగట్టే విలువను శాస్త్రజ్ఞులు సగటు వికిరణ ఉష్ణోగ్రత అంటారు. చెట్టు కింద గాలి వేడి ఒకటి రెండు డిగ్రీలే తగ్గినా, ఈ విలువ మాత్రం ఎన్నో డిగ్రీలు పడిపోతుంది.

ఆ సెగకు తోడు పల్నాడు రాతి సీమ. అమరావతి స్తూప శిల్పాలకు వాడినది పల్నాటి సున్నపురాయే. శ్రీనాథుడిదిగా చెప్పుకునే చాటుపద్యంలోనూ ఇక్కడి నాపరాళ్ల ప్రస్తావన ఉన్నది. అమరావతి ఫలకాల మీద బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం కనిపిస్తాయి. రావి, వేప చెట్లను జంటగా నాటి, పెళ్లి చేసి, చుట్టూ రచ్చబండ కట్టే తెలుగు పల్లెల ఆచారం ఆ దృశ్యాన్ని గుర్తుకు తెస్తుంది గానీ, ఈ పోలికను అంతకుమించి సాగదీయకూడదు.

ఎడారి పట్టణమైన జైసల్మేర్‌లో ఇరుకు సందుల ఎత్తయిన గోడలే వీధికి నీడనిస్తాయి. కానీ పెదకూరపాడు ఉన్న పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర మే మొదటి వారంలో సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తిన ఉంటాడు కనుక, సందు ఎంత ఇరుకైనా ఆ వేళకు గోడ నీడ గోడ మొదలు దాటదు. అప్పుడు ఆదుకునేవి అరుగు మీదికి దిగిన చూరు, వీధి మీదికి వంగిన కొమ్మ. మాఘఫాల్గుణాల్లో ఆకు రాల్చే వేప ఉగాదికి పూతతో, వైశాఖానికి నిండు గుబురుతో నిలుస్తుంది. సరిగ్గా నీడ కావలసిన నెలల్లోనే నీడనిస్తుంది. ఆ నీడ అక్కరలేని చోటు మిరప కల్లమొక్కటే: పరచిన కాయ ఎండాలంటే చెట్టు లేని బయలు కావాలి.

మట్టి వీధులు సిమెంటు రోడ్లుగా మారి, వాటిని వెడల్పు చేయడానికి చెట్లను తొలగించిన చోట్ల, పగలు తాగిన వేడిని నేల పొద్దుపోయాక కూడా వదులుతూనే ఉంటుంది. వాల్టాగా పేరుపడిన 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి తప్పనిసరి. బదులుగా నాటిన మొక్క వీధికి గొడుగు పట్టడానికి మాత్రం ఏళ్లు పడుతుంది కాబట్టి, రోడ్డు గీతను కాస్త పక్కకు జరిపి ఉన్న వేపను ఉండనివ్వడమే మేలు.