ఎడమ కాలువ మీద రెండు లెక్కలు

రాయచూరులో తరతరాలుగా ఉన్న తెలుగువారు కొందరైతే, కాలువ వెంట వచ్చిన తెలుగువారు మరికొందరు. తుంగభద్ర ఆనకట్టకు మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాలు 1945లో పునాది వేశాయి. 1953లో కాలువలకు నీరు వచ్చింది. ఆ తర్వాత కోస్తా జిల్లాల రైతులు గంగావతి, సింధనూరు వైపు భూములు కొని క్యాంపులు కట్టుకున్నారు.

227 కిలోమీటర్ల ఈ ఎడమ కాలువ వరి కోసం తవ్వింది కాదు. కరువు నేలకు కొద్దికొద్దిగా నీరు పంచాలని దాని ఉద్దేశం. ఏ చేను ఆరుతడి, ఏది మాగాణి అన్నది ముందే నిర్ణయించారు. నేను పంట రుణాలు చూసిన రోజుల్లో కాగితం మీద జొన్న ఉండేది, వెళ్లి చూస్తే వరిమడి. కామర్స్ చదివినవాడికి రెండు ఖాతాలు కలవకపోతే నిద్రపట్టదు. చివరికి రెండు కాగితాలనూ ఒకే ఫైలులో పెట్టడం నేర్చుకున్నాను.

నీటికి అంతస్తులు చాలా ఉన్నాయి. రాష్ట్రాల వాటాలు తేల్చినది 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్. ఆనకట్ట ఉమ్మడి పనులకు 1953 నుంచి తుంగభద్ర బోర్డు ఉంది. ఎడమ కాలువ కర్ణాటక నీటిపారుదల శాఖది. మన జిల్లాలోనే ఉన్న రాజోలిబండ ఆనకట్టకు 17.1 టీఎంసీలు కేటాయిస్తే, అందులో మనకు 1.2, మిగిలిన 15.9 గద్వాల, అలంపురం వైపుకు. ఆనకట్ట ఇక్కడ, ఎండిన చేలు అక్కడ. ఇక అన్నిటికన్నా కింది అంతస్తు పొలం తూము.

ఆ తూము దగ్గరికి వెళ్లి చూసిన పండితులు ఇద్దరు. కర్నూలు జిల్లా పల్లెలను చూసిన రాబర్ట్ వేడ్ 1988లో పుస్తకం రాశాడు. కాలువ చివరన నీటి కొరత ఉన్న ఊళ్లే నిధి పోగుచేసి, నీరుగట్లను పెట్టుకుని కట్టుబాటుగా ఉన్నాయన్నాడు. 2009లో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్, ఒకదానిలో ఒకటి అమరిన అంతస్తుల పాలన గురించి 1990లో రాసింది. పీటర్ మోలింగా మాత్రం మన ఎడమ కాలువనే పరిశీలించి 1998లో సిద్ధాంతగ్రంథం సమర్పించాడు. నీరు ఎవరికి చేరేదీ రైతులు, ఇంజనీర్లు, రాజకీయ నాయకుల బలాబలాలు తేలుస్తున్నాయని చూపాడు.

నాకు మోలింగా మాటే మన నేలకు దగ్గరగా అనిపిస్తుంది. అంతస్తులు చక్కగా అమరాలంటే పైవాళ్లు కిందివాళ్ల ఏర్పాటును ఒప్పుకోవాలి. ఇక్కడ కాలువ మొదట్లోని వరి ఏ రికార్డుకూ ఎక్కలేదు. మనవాళ్ల క్యాంపులు చాలావరకు ఆ మొదట్లోనే ఉన్నాయి, ఈ మాట చెప్పడం కొంత ఇబ్బందే. మాన్వి వైపు కాలువ చివరి రైతు కాగితాల్లో కూడా అతని భూమి ఆయకట్టే. వాయిదా కట్టడానికి వచ్చినప్పుడు మాత్రం అతను వాన గురించే మాట్లాడేవాడు.