గుడి గడపయు సత్‌నామమును

పూజావిధికిని ఆత్మసాధనకును నడుమ వివాదము భారతదేశమున క్రొత్తది కాదు. యజ్ఞకర్మ గొప్పదా, జ్ఞానము గొప్పదా అను విచారము ఉపనిషత్కాలమునుండియు సాగుచునే యున్నది. ఆ విచారము పండితగోష్ఠులలో జరిగినపుడు దాని తీరు వేరు. గుడి గడప దాటుటకు అర్హత లేదని త్రోసివేయబడినవారి నడుమ జరిగినపుడు దాని తీరు వేరు. రాయపుర ప్రాంతపు చరిత్ర ఈ రెండవదానికి నిదర్శనము.

పూర్వపు రాయపురము జిల్లాలో, మహానదికి చేరువగా గిరౌద్ అను గ్రామము కలదు. 1756వ సంవత్సరము డిసెంబరు 18వ తేదీన ఘాసీదాసు అచ్చట చర్మకార కులమున జన్మించెనని సంప్రదాయము. ఆ కులమువారిలో పెక్కుమంది సేద్యముచే జీవించువారే అయినను, కులనామముచేతనే అస్పృశ్యులుగా ఎంచబడిరి. పూరీ జగన్నాథుని దర్శింపగోరి ఘాసీదాసు సోదరునితో బయలుదేరి, సారంగఢ్ నుండియే వెనుదిరిగి, సత్‌నామమును స్మరించుచు ఇల్లు చేరెనని జనశ్రుతి. పిదప సోనాఖాన్ అడవులలో కొంతకాలము ఏకాంతమున ధ్యానము చేసెనందురు. జనశ్రుతిలో సత్యమెంత యున్నను, దాని భావము స్పష్టము: వెదకబడు దైవము యాత్రామార్గపు చివరనే యుండవలెనను నియమము లేదు.

1820 ప్రాంతమున ఆయన బోధ ఊరూర వ్యాపించెను. దైవ మొక్కడే, నిరాకారుడు; అతని నామమే సత్యము; విగ్రహారాధన వలదు; మద్యమాంసములును పొగాకును విడువవలెను; మనుష్యులందరు సమానులు. మధ్యాహ్నము దాటిన పిదప ఎద్దులను నాగలికి కట్టరాదను నియమమును అందు చేరినది. కర్షకుని భక్తి అతని పొలములోని పశువువరకు వ్యాపించినది. ఇవి చదువునపుడు తెలుగు పాఠకునకు వేమన స్ఫురించుట సహజము. అయితే వేమన పద్యములు లోకులందరి నోట నిలిచినవి. ఘాసీదాసు బోధ ఒక జాతి జీవనవిధానమైనది. విగ్రహము లేనిచోట పూజారి లేడు. పూజారి లేనిచోట వాకిట నిలువరించువాడును లేడు.

కాని కర్మకాండ అంత సులభముగ తొలగునది కాదు. ఘాసీదాసు కుమారుడు బాలకదాసు యజ్ఞోపవీతము ధరించెను. అగ్రవర్ణములవారి చిహ్నమును అస్పృశ్యుడనబడినవాడు ధరించుట చూచి పలువురు ఆగ్రహించిరి. 1860 ప్రాంతమున ఆయన హత్యకు గురియయ్యెను. గురుపీఠము వంశపారంపర్యమైనది. శ్వేతపతాకముగల జైత్‌ఖాం అను స్తంభము ఊరూర వెలసినది. ఈ ప్రాంతమునందే దామాఖేడా పీఠముగల కబీరుపంథీయులలోను ఇట్టిదే కానవచ్చును. బాహ్యాచారములను నిరసించిన కబీరు పేరుమీదనే వారు చౌకా ఆరతి జరిపి కొబ్బరికాయ సమర్పింతురు.

పందొమ్మిదవ శతాబ్ది చివర, బిలాస్‌పురము వైపున చారపారా గ్రామమున, పరశురాం అను భక్తుడు రామనామీ సమాజమునకు మూలపురుషుడయ్యెను. ఆ సమాజమువారు రామనామమును దేహముపై పచ్చబొట్టుగా పొడిపించుకొనిరి. రాముడు వారికి ఆలయమూర్తి కాడు, నిర్గుణ బ్రహ్మము. శరీరమునందే వ్రాసికొన్న నామమును ఏ ద్వారపాలకుడును హరింపజాలడు.

1933 నవంబరులో హరిజనయాత్రలో భాగముగ గాంధీ మహాత్ముడు రాయపురమునకు వచ్చెను. గుడి తలుపులు తెరువుడని ఆయన సవర్ణులను కోరుచుండెను. గుడి అవసరమే లేదని ఒక శతాబ్దమునకు పూర్వమే ఆ నేలపై మరొకరు చెప్పియుండిరి. ఈ రెండు మార్గములును పరస్పర విరుద్ధములని తోచవచ్చును. కాని తలుపు తెరిచినంతమాత్రమున లోపలివాని మనస్సు మారదు. గుడి వలదన్నంతమాత్రమున బయటివానికి ఊరిలో గౌరవము లభింపదు. అందువలన రెండును కావలసివచ్చినవి.

నేడు గిరౌద్‌పురిలో కుతుబ్‌మీనారును మించిన ఎత్తున, సుమారు 77 మీటర్ల జైత్‌ఖాం నిలిచియున్నది. ఆకారము లేని దైవమును కొలిచినవారే ఇంతటి చిహ్నమును నిలుపుట వైరుధ్యమని కొందరనవచ్చును. అయితే ఏకాంతసాధన వ్యక్తికి చాలును. తరతరములుగ అవమానమున కలిసి నిలిచిన సమూహమునకు పదిమంది కూడుటకొక చోటును, దూరమునుండి కానవచ్చు గురుతును కావలయును. ఆచారమును తూచుటకు తగిన ప్రశ్న అది యున్నదా లేదా అనునది కాదు. అది ఎవరిని లోనికి పిలుచుచున్నది, ఎవరిని బయట నిలుపుచున్నది అనునదే.