మాట వెనుక కథ: కొలిమేషన్

అద్దాల టెలిస్కోపు ఉన్నవారు తరచూ వాడే మాట ‘కొలిమేషన్’. లాటిన్‌లో ‘లీనియా’ అంటే గీత. ఒకే గీతలోకి తేవడం, సూటిగా గురిపెట్టడం ‘కొలినియారే’. రోమన్ రచయిత సిసిరో రచనల కొన్ని ప్రతుల్లో అది ‘కొలిమారే’ అని తప్పుగా పడింది. ఖగోళ శాస్త్రం ఆ తప్పు రూపాన్నే ఖాయం చేసుకుంది.

అర్థం మాత్రం చెక్కుచెదరలేదు: టెలిస్కోపు అద్దాలను ఒకే గీతలోకి తేవడమే కొలిమేషన్. న్యూటన్ 1668లో తయారుచేసిన తరహా టెలిస్కోపులో గొట్టం అడుగున పెద్ద అద్దం, పైన ఏటవాలుగా చిన్న అద్దం ఉంటాయి. ముందు చిన్న అద్దాన్ని సర్ది, ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) చూపు పెద్ద అద్దం నడిమి గుర్తు మీద పడేలా చేయాలి. తర్వాత వెనుక మరలు తిప్పి, పెద్ద అద్దం అక్షాన్ని ఐపీస్ వైపు మళ్లించాలి. చివరి పరీక్ష నక్షత్రంతోనే. పెద్దగా కదలదు కాబట్టి ధ్రువ నక్షత్రం ఇందుకు అనువు. దాన్ని చూపు మధ్యకు తెచ్చి ఫోకస్ కాస్త తప్పిస్తే వలయాలు కనిపిస్తాయి. అవి ఒకే కేంద్రం చుట్టూ ఉంటే అమరిక సరైనదే. ఒక పక్కకు ఒరిగితే మళ్లీ సర్దాలి.

తెలుగులో దీన్ని ‘గురి కుదర్చడం’ అనవచ్చు. మూలార్థం అందులో పూర్తిగా ఉంది. గురి కుదిరితేనే శనిగ్రహ వలయాల్లోని సన్నని చీలిక స్పష్టంగా విడివడుతుంది.