లోపల గడియ లేని బ్యాంకు

1978లో హైదరాబాదులో పుట్టిన ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకుకు రాష్ట్రం రెండుగా విడిపోయాక కూడా పేరులో ఏపీ అలాగే ఉండిపోయింది. పెద్ద బ్యాంకుల గడప దగ్గర నిలబడలేని చిల్లర వ్యాపారికి అప్పు పుట్టించడానికే పట్టణ సహకార బ్యాంకులు వెలిశాయి. అందుకే వాటిలో ఒకదానికి దెబ్బ తగిలితే నాకు మనసు చివుక్కుమంటుంది.

2021 నవంబరులో ఆ బ్యాంకు ఉద్యోగులకు రెండు వందలకు పైగా దొంగ మెయిళ్లు వచ్చాయని పోలీసులు చెప్పారు. ఇద్దరు వాటిని తెరిచారు. ఆ ఇద్దర్నీ నిందించడానికి నాకు నోరు రాదు. రోజంతా మెయిళ్లు చూడటమే పనైన మనిషి ఎప్పుడో ఒకటి తప్పుగా తెరుస్తాడు. తెరిచిన వెంటనే వాళ్ల కంప్యూటర్లలోకి ఒక దొంగ ప్రోగ్రాం చేరింది. ఎక్కడో కూర్చున్నవాడికి ఆ యంత్రం పగ్గాలు దొరికాయి, కీబోర్డు మీద కొట్టే ప్రతి అక్షరం అతనికి కనిపించసాగింది.

కథ అక్కడితో ఆగిపోయి ఉండాల్సింది. రెండు కంప్యూటర్లు పాడయ్యేవి, ఫార్మాట్ చేసి మళ్లీ పెట్టుకునేవాళ్లు. ఆగలేదు. ఎందుకంటే బ్యాంకు నెట్‌వర్క్‌లో విభాగానికీ విభాగానికీ మధ్య అడ్డు లేదు. వీధి తలుపుకు తాళం వేసి, లోపలి గదులన్నీ బార్లా తెరిచి పెట్టిన ఇల్లు అది. ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి, అక్కడి నుంచి అధికారి పాస్‌వర్డ్‌కి, ఆ పాస్‌వర్డ్‌తో ఖాతాలన్నీ ఉండే డేటాబేస్‌కి దారి దొరికింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. బయటివాడు ఇంటివాడి వేషంలో రెండు నెలలకు పైగా లోపల తిరిగాడు, ఎవరూ అడగలేదు.

2022 జనవరిలో ఒక శని, ఆదివారం. బ్యాంకు మూసి ఉంది. 12.48 కోట్ల రూపాయలు కదిలిపోయాయి. ముందు 115 ఖాతాల్లోకి, అక్కడి నుంచి 398 ఖాతాల్లోకి, చివరికి దేశమంతా 938 ఏటీఎంల నుంచి నోట్లుగా బయటికి. సోమవారం ఫిర్యాదు అందేసరికి ఆపగలిగింది మూడు కోట్ల దాకానే. దర్యాప్తుకే పోలీసులకు 58 లక్షలు ఖర్చయింది. ఊరూరా వెతికి పట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది ఖాతాలు అద్దెకిచ్చినవాళ్లూ, వాటిని కుదిర్చిన దళారులూ. అసలు మీట నొక్కిన చెయ్యి విదేశంలో ఉందని అప్పటి నగర పోలీసు కమిషనర్ సీవీ ఆనంద్ చెప్పారు. సైబర్ భద్రత నియమాలు పాటించలేదని 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ కోట్లు కాదు, అడ్డు పెట్టడం ఎంత చిన్న పనో తెలియడం. కంప్యూటర్ల కేబుళ్లన్నీ కలిసే ఒకే స్విచ్‌ను లోపల వేర్వేరు నెట్‌వర్కులుగా చీల్చే వీలాన్ పద్ధతికి 1998లోనే ప్రమాణం వచ్చింది. కౌంటర్ కంప్యూటర్‌కు సర్వర్‌తో పని ఉంటుంది, ప్రింటర్‌తో పని ఉంటుంది. పక్క కౌంటర్ కంప్యూటర్‌తో ఏం పని? ఆ దారి మూసేస్తే ఏ పనీ ఆగదు. అలాంటి దారే విండోస్‌లో ఫైళ్లు పంచుకునే 445 పోర్టు. 2017 మే నెలలో వన్నాక్రై అనే దొంగ ప్రోగ్రాం ఆ పోర్టు గుండానే యంత్రం నుంచి యంత్రానికి పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దానికి చిక్కాయి. అది వాడుకున్న విండోస్ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. రెండు నెలలు చేతిలో ఉన్నాయి.

హైదరాబాదులో ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర, నాచారం పారిశ్రామికవాడలో చిన్న ఆఫీసులకు కేబుళ్లు లాగే పని నాది. ఎక్కడికి వెళ్లినా గోడకు ఒక ఎనిమిది పోర్టుల స్విచ్ వేలాడుతుంది. ట్యాలీలో లెక్కలు ఉన్న కంప్యూటరూ, సీసీ కెమెరాల పెట్టే, లేబుళ్లు కొట్టే ప్రింటరూ, సరుకు తెచ్చిన డ్రైవర్ ఫోనూ అన్నీ దానికే, ఒకే గొడుగు కింద. జీతాల ఫోల్డర్ తెరిచి చూస్తే 'ఎవ్రీవన్' అని ఉంటుంది, ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా చెరిపేయొచ్చు. "మా దగ్గర ఏముందన్నా దోచుకోవడానికి?" అంటాడు యజమాని. ఇరవై మంది జీతాలూ, పదేళ్ల బిల్లులూ, బ్యాంకు లాగిన్‌తో సహా అన్నీ ఆ ఒక్క కంప్యూటర్లోనే ఉంటాయి. పాపం, ఆ మహేశ్ బ్యాంకులోనూ ఎవరో ఒకరు మనకేమవుతుందిలే అనుకునే ఉంటారు.

నాచారం, మల్లాపూర్, ఉప్పల్‌లలో షెడ్డు నడుపుతున్న అన్నలకూ అక్కలకూ నా మనవి ఒక్కటే. వచ్చే సెలవు రోజున మీ నెట్‌వర్క్ మనిషిని పిలవండి. వచ్చేపోయేవాళ్ల ఫోన్లకు గెస్ట్ వైఫై వేరుగా పెట్టించండి. కెమెరాలను లెక్కల కంప్యూటర్ నుంచి విడదీయించండి. ప్రతి కంప్యూటర్లోనూ ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో దగ్గరుండి చూడండి. జీతాల ఫోల్డర్ మీద 'ఎవ్రీవన్' తీసేసి, అది తెరవాల్సిన ఇద్దరి పేర్లే ఉంచండి. పూట పని, ఖర్చు మహా అయితే ఒక కొత్త స్విచ్.